ఖర్బూజాకి లేసు ఉట్టి

నరసాపురం,
జనవరి 18.

ఉషారాణి వదినగారికి,

మీ మరదలు హైమవతి నమస్కారాలు. చెవిలో మిషను పెట్టించుకున్నాక ఫోను ఎత్తితే కుయ్యోమంటోందని మానేశారు కదా, అందుకని ఉత్తరం. ఒకందుకు ఇదే మంచిది. ఫోనైతే మీ తమ్ముడు స్పీకరు పెట్టించి మధ్యలో దూరతారు. ఉత్తరంలో దూరడానికి సందు లేదు.

అసలు సంగతేంటంటే, మా డాబా మీద ఖర్బూజాలు వేశాను. నవ్వకండి. ఆపరేషనై ఏడాది దాటింది. మందులు అయిపోయాయి, జుట్టు కూడా వచ్చింది, ఈసారి ఉంగరాలు తిరిగి మరీ వచ్చింది. కుడిచెయ్యి ఒక్కటే ఇంకా మాట వినడం లేదు. సాయంత్రానికి వాస్తుంది. లేసు సూది పట్టుకుంటే వేళ్ళు మొద్దుబారిపోతాయి. పెళ్ళికి ముందు నుంచీ అల్లుతున్న చెయ్యి వదినగారూ. పక్కింటి సత్యకుమారి, మిగతావాళ్ళూ అరుగు మీద కూర్చుని అల్లుకుంటూ కబుర్లు చెప్పుకుంటుంటే, నేను కిటికీ వేసేసుకుని లోపలికి వచ్చేస్తున్నాను. డాక్టరుగారేమో “ఎండలో తిరగండమ్మా, చెయ్యి ఆడేలా ఏదో ఒక పని పెట్టుకోండి” అన్నారు. పెట్టుకున్నాను.

ఇనప గొట్టాలు పాతించి, పైన పాలిథిన్ షీటు కప్పించి పందిరి వేయించాను. ఉప్పుగాలి రాదు, కోతులు రావు. లోపలికి వెళ్తే పొయ్యి ముందు కూర్చున్నట్టు ఉంటుంది. ఖర్బూజాకి అదే ఇష్టమట. చిన్న రకం విత్తనాలు తెప్పించాను. తీగ నేల మీద పాకదు, దారం పట్టుకుని పైకి పోతుంది. కాయ బత్తాయి కంటే కొంచెం పెద్దదవుతుందట. కుండీల్లో మొలకలు ముచ్చటగా ఉన్నాయి.

తొలి పండు మీకే. ఎందుకో మీకు తెలుసు. నా పెళ్ళైన మొదటి ఎండాకాలం, మీ ఇంట్లో ఖర్బూజా కోసి “ఇది కుళ్ళింది హైమా, నువ్వు తినకు” అని చెప్పి, వంటింట్లో గోడ వైపు తిరిగి మొత్తం ఒక్కరే తిన్నారు. తలుపు సందులోంచి చూశాను. గోదావరి ఇసుకతిన్నెల మీద పండిన కాయలు తిని పెరిగిన నాలుక మీది. మీ తమ్ముడిని అడిగి లాభం లేదు, పంచదార జల్లితే సొరకాయ కూడా ఖర్బూజాయే ఆయనకి. మీరు తిని బాగుందంటే నా చెయ్యి మళ్ళీ పనికొచ్చినట్టు. ఇది నాకు నేను పెట్టుకున్న పరీక్ష. దిద్దాల్సింది మీరు.

నా ఆపరేషన్ అప్పుడు మీరు కాశీ వెళ్ళి తెచ్చిన గంగ చెంబు దేవుడి గదిలో అలాగే ఉంది. మూత తీయలేదు.

మీ
హైమ


రాజమండ్రి,
జనవరి 25.

అమ్మాయ్ హైమా,

నవ్వలేదు. ఎగిరి గంతేశాను, మోకాలు ఒప్పుకున్నంత మేరకు.

ఏళ్ళ తరబడి బడిలో పిల్లలకి మొక్కల పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, నాకు చెప్పకుండా విత్తనం వేస్తావా? సరే, విను. కుండీ పెద్దది ఉండాలి, బక్కెట్టు కంటే చిన్నదైతే తీగ అలుగుతుంది. మట్టిలో సగం ఇసుక కలుపు. మన కాయ ఇసుకలో పుట్టిన పిల్ల, బంకమట్టిలో కాలు పెట్టదు. నీళ్ళు పొద్దున పొయ్యి, ఆకుల మీద పడనివ్వకు. ఆకు మీద తెల్లటి బూడిద కనిపిస్తే పుల్లమజ్జిగ పలచన చేసి చల్లు. మధ్యాహ్నం పందిరికి రెండు పక్కలా షీటు పైకి చుట్టు, వేడి ఇష్టమే కాని ఉడికిపోవడం ఎవరికీ ఇష్టం ఉండదు.

దారం చుట్టేటప్పుడు కుడిచెయ్యే వాడు. నొప్పెడితే కాసేపు ఆగి మళ్ళీ వాడు. వాపు ఎలా ఉందో ప్రతి ఉత్తరంలోనూ రాయి.

ఆ ఖర్బూజా కుళ్ళలేదన్న సంగతి ఇన్నేళ్ళూ కడుపులో దాచుకున్నావన్నమాట. గట్టిదానివే.

పండు మాత్రం నాకు పంపకు. షుగరు వచ్చేలా ఉందని తీపి తగ్గించాను. మీరే తినండి. తమ్ముడిని అడిగానని చెప్పు.

ఉషారాణి


నరసాపురం,
ఫిబ్రవరి 27.

వదినగారికి,

షుగరు “వచ్చేలా” ఉండటం ఏంటండీ? వస్తే వస్తుంది, లేకపోతే లేదు. ఒక్క ముక్కకి ఏమీ కాదు. పండు పంపుతున్నాను, మీరు తింటున్నారు, అది ఖాయం.

పంపడానికి ముందు పండు ఉండాలి కదా. ఇక్కడే చిక్కొచ్చింది. తీగలు నా ఎత్తు దాటాయి. ఆకులు విస్తరాకులంత ఉన్నాయి. ఇన్ని రోజులుగా పూలు పూస్తున్నాయి, ఒక్క పిందె నిలవడం లేదు. పువ్వు వెనక గుండ్రంగా ఆశపెడుతుంది, నాలుగు రోజులకి పసుపుపచ్చగా అయి రాలిపోతుంది. నిన్న అలా రాలిన పిందెను చేతిలో పెట్టుకుని ఏడ్చాను. ఖర్బూజా కోసం కాదని మీకు చెప్పక్కర్లేదు. ఈ చేత్తో ముట్టుకున్నది ఏదీ నిలవదేమో అనిపించింది.

వాపు కొంచెం తగ్గింది. దారాలు కట్టడానికి చెయ్యి తలకంటే పైకి ఎత్తుతున్నాను. మొదట్లో భుజం దాకా కూడా లేచేది కాదు.

హైమ


రాజమండ్రి,
మార్చి 4.

హైమా,

కళ్ళు తుడుచుకుని ఇది చదువు. నీ చేతికీ రాలిన పిందెకీ ఏ సంబంధమూ లేదు. పూలు విచ్చే పొద్దుటి వేళ పందిరి చుట్టూ షీటు బిగించి కూర్చున్నావు, తేనెటీగ ఎలా వస్తుంది? ఆ పని నువ్వే చెయ్యాలి.

పొద్దున ఎండ ఎక్కకముందే డాబా ఎక్కు. మగపువ్వుకి కింద కాడ సన్నగా ఉంటుంది. ఆడపువ్వుకి కింద ఉసిరికాయ పిందె లాంటిది ఉంటుంది. మగపువ్వు కోసి, రేకలు తుంచేసి, మధ్యలో ఉన్న పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దు. తిలకం దిద్దినట్టు చెయ్యాలి. నీ వేళ్ళకి ఇంతకంటే మంచి వ్యాయామం ఏ ఫిజియోథెరపీ వాడూ చెప్పడు.

చెయ్యి తలకంటే పైకి లేస్తోందా? ఆ వాక్యం మూడుసార్లు చదివాను.

ఉషారాణి


నరసాపురం,
మార్చి 11.

వదినగారూ,

ఈ ఉత్తరం కూర్చుని చదవండి, నవ్వి పడిపోతారు.

మీరు చెప్పినట్టే తెల్లారాక డాబా ఎక్కాను. ఆడపువ్వులు కళకళలాడుతున్నాయి. మగపువ్వు ఒక్కటి లేదు. మర్నాడు వెళ్ళాను, లేదు. తీగకి ముందు పూసేవి మగపువ్వులే అంటారు, మా తీగలకి ఏం రోగమో అనుకున్నాను. మూడో రోజు చీకటి విడవకముందే వెళ్ళి ఓ మూల నిలబడ్డాను.

మీ తమ్ముడు వచ్చారు. స్నానం చేసి, తడి పంచెతో, చేతిలో పూలసజ్జ. ఏదో శ్లోకం చదువుకుంటూ ఒక్కో తీగ దగ్గర ఆగి, పువ్వు వెనక్కి తిప్పి చూసి మరీ కోస్తున్నారు. గట్టిగా పిలిస్తే సజ్జ జారవిడిచారు. “దేవుడికి పచ్చపూలు దొరకడం లేదు హైమా. అయినా కాయ ఉన్న పువ్వు ఒక్కటీ ముట్టుకోలేదు, చూసి చూసి వట్టిపూలే కోస్తున్నా. నీ పంట మీద నాకా మాత్రం శ్రద్ధ లేదనుకున్నావా?” అన్నారు. ఇన్ని రోజుల నుంచీ మా ఇంటి ఖర్బూజా మగపూలన్నీ శివలింగం నెత్తిన ఉన్నాయి వదినగారూ. ఏరి ఏరి కోశారు!

నాకు కోపం రావాల్సింది. అక్కడే మెట్టు మీద కూలబడి నవ్వాను. ఆపరేషన్ తర్వాత అంతలా నవ్వడం అదే మొదలు. కుట్లు వేసిన చోట నొప్పి కూడా పుట్టింది. మీ తమ్ముడికి నేను ఎందుకు నవ్వుతున్నానో తెలియలేదు, తెలిశాక ఆయన ముఖం చూడాలి.

మర్నాటి నుంచి పుప్పొడి అద్దుతున్నాను. దేవుడికి మందారాలు.

హైమ


రాజమండ్రి,
మార్చి 17.

హైమా,

ఫణిశ్రీ బ్యాంకు నుంచి వచ్చేసరికి నేను ఉత్తరం పట్టుకుని ఒక్కదాన్నే నవ్వుతున్నాను. “అమ్మా, బాగానే ఉన్నావా?” అని నుదురు పట్టుకుని చూసింది. దానికీ చదివి వినిపించాను. మామయ్యకి పుట్టినరోజు కానుకగా ప్లాస్టిక్ పచ్చపూలు పంపుతానంటోంది.

తమ్ముడికి చెప్పు, ముక్కంటి కూడా ఒకసారి పార్వతి వైపు చూశాకే కథ ముందుకెళ్ళిందని.

ఇప్పుడు పిందెలు నిలుస్తాయి, ఆ ధైర్యం నాది. తీగకి రెండు కాయలు మించి ఉంచకు, మిగతావి తుంచెయ్యి. జాలి పడితే అన్నీ చప్పగా ఉంటాయి. కాయ నిమ్మకాయంత దాటగానే దానికి ఉట్టి కట్టాలి, లేకపోతే బరువుకి తీగ తెగుతుంది. ఉట్టి అంటే పెరుగుకుండకి కట్టే ఉట్టి లాంటిదే, చిన్నది. పాత చీర పేలిక కట్టావంటే చెమ్మ నిలిచి కాయ అడుగున కుళ్ళుతుంది. గాలి ఆడే వల కావాలి. లేసు దారంతో, పెద్ద కన్నులు వేసి, నువ్వు అల్లు.

నా వల్ల కాదు అంటావు. అది నాకు తెలుసు. అయినా రాశాను.

ఉషారాణి


నరసాపురం,
ఏప్రిల్ 6.

వదినగారికి,

మీ మీద కోపంతోనే చీర పేలికలు కట్టాను. మీరన్నట్టే ఒక కాయ కుళ్ళింది. దాంతో మీ మీద ఇంకా కోపం వచ్చింది.

ఆ సాయంత్రం సత్యకుమారి వచ్చి పందిరి చూసింది. సూది, దారపు ఉండ నా పక్కన పెట్టి, తను ఎదురుగా కూర్చుని తన పని తను చేసుకుంది. నేను చాలాసేపు ముట్టుకోలేదు. తర్వాత పట్టుకున్నాను. మొదటి ఉట్టి చూస్తే మీరు కూడా జాలిపడతారు, ఒక కన్ను గారె చిల్లంత, ఒకటి ఆవగింజంత. సత్యకుమారి దాన్ని పైకి ఎత్తి చూసి, “ఖర్బూజాకి కళ్ళుండవులే హైమా, కట్టెయ్” అంది. కట్టేశాను. కాయ ఊగుతూ కూర్చుంది.

ఇప్పుడు పందిట్లో ప్రతి కాయకీ ఉట్టి ఉంది. చివర వేసినవాటికి అంచున పువ్వు కూడా వేశాను, అవసరం లేకపోయినా. కిటికీ తెరిచే ఉంచుతున్నాను. నిన్న అరుగు మీదకి వెళ్ళి కూర్చున్నాను.

కాయల మీద సన్నగా వల గీతలు పడుతున్నాయి. నీళ్ళు తగ్గించాను, తీపి చేరడానికి. పరీక్ష రోజు దగ్గరికొచ్చింది, మీ నాలుక సిద్ధం చేసుకోండి.

హైమ


నరసాపురం,
ఏప్రిల్ 22.

వదినగారూ,

ఈ పొద్దున డాబా ఎక్కేసరికి ఒక పండు తొడిమ ఊడి ఉట్టిలోకి దానంతట అదే దిగి ఉంది. కొయ్యనక్కర్లేకపోయింది. సత్యకుమారి వాళ్ళ అమ్మాయి దగ్గరికి రాజమండ్రి వస్తోంది, తన చేతికి ఉట్టితో సహా ఇచ్చి పంపుతున్నాను. మేమింకా రుచి చూడలేదు. మీరు చూశాకే.

చల్లబెట్టకండి. కోసిన వెంటనే తినండి. అబద్ధం చెప్పకుండా రాయండి.

హైమ


రాజమండ్రి,
ఏప్రిల్ 25.

హైమా,

అందింది. గేటు తీస్తుండగానే వాసన వచ్చింది, వీధి చివర ఉన్నవాళ్ళకి కూడా తెలిసి ఉంటుంది. పైన తొక్క బంగారు రంగు, లోపల లేత నారింజ, గింజల గది చిన్నది, కండ మందం. కాయ లక్షణం అంటే ఇదే. మీరు మిగతావి హాయిగా తినండి.

ఉట్టి తిప్పి పంపను. అది నాది.

ఉషారాణి


నరసాపురం,
మే 2.

వదినగారికి,

మీ ఉత్తరంలో వాసన ఉంది, రంగు ఉంది, కండ ఉంది. రుచి గురించి ఒక్క ముక్క లేదు. చదవగానే అర్థమైంది, అయినా నమ్మలేదు. సత్యకుమారి తిరిగొచ్చాక అడిగాను. తను దాచాలనే చూసింది, తనకి చేతకాదు. మీరు పండు కోశారు, కళ్ళు మూసుకుని వాసన చూశారు, ముక్కలన్నీ పక్కవాటా పిల్లలకి పంచేశారు. ఆ తర్వాత ఆత్రేయపురం పూతరేకులు తనకి రెండు పెట్టి మీరు రెండు తిన్నారు. మీ షుగరు పూతరేకులకి అడ్డం రాదు కాబోలు.

నేను చిన్నపిల్లలా పండు కోసం అలగడం లేదు. ఇన్నాళ్ళూ అడగనిది ఇప్పుడు అడుగుతున్నాను. ఆపరేషన్ గదిలోకి తోసుకెళ్ళేటప్పుడు తల తిప్పి అందరినీ చూశాను. మీ తమ్ముడున్నారు, మా వాళ్ళున్నారు, సత్యకుమారి ఉంది. మీరు లేరు. కార్తీకమాసం టూరు బస్సులో కాశీ వెళ్ళారన్నారు. నేను బతుకుతానో లేదో తెలియని రోజున మా వదినగారు తీర్థయాత్రలో ఉన్నారు. అమ్మ పోయాక నేను తలెత్తి చూసింది మీ వైపే. అందుకే ఆ చెంబు మూత తీయలేకపోయాను.

ఖర్బూజాలు మీకోసమే వేశాను. మీరు నా చేతి పండు తింటే, ఆ రోజు మీరు రాకపోవడానికి ఏదో కారణం ఉండే ఉంటుందని నాకు నేను సర్దిచెప్పుకుందామనుకున్నాను. మీరు తినలేదు. ఎందుకో రాయండి. లేదంటే ఇంకేమీ రాయకండి.

హైమవతి


రాజమండ్రి,
మే 7.

నా తల్లీ, హైమా,

షుగరు మాట అబద్ధం. పూతరేకులు నిజం.

నీ ఆపరేషన్‌కి ముందురోజు రాత్రి తమ్ముడు ఫోన్ చేసి “అక్కా, కుడిచెయ్యి ఇదివరకులా ఉండకపోవచ్చంట, అసలు మనిషి దక్కితే చాలంట” అని ఏడ్చాడు. అప్పటికే నేను కాశీ దారిలో ఉన్నాను. టూరు వాళ్ళు దీపాలు చూడటానికి వెళ్తుంటే, నేను వెళ్ళింది నీకోసం. ఆసుపత్రికి ఎందుకు రాలేదంటావా? నిన్ను ఆ బల్ల మీద చూసే ధైర్యం నాకు లేదు. నాకు లేని ధైర్యాలు కూడా ఉన్నాయి, ఎవరికీ చెప్పకు.

కాశీలో ఒక పండూ ఒక కూరా వదిలేస్తారు కదా, ఇక జన్మలో తినమని. మా బస్సులో ఆవిడ పనసపండు వదిలింది, ఆవిడకి ఎలాగూ అరగదు. ఇంకొకాయన కాకరకాయ వదిలాడు, ఆయన పుట్టాక ముట్టలేదట. నేనూ బొప్పాయి చెబుదామనే మెట్లు దిగాను. పురోహితుడు చేతిలో నీళ్ళు పోసి, “ఏం వదులుతున్నారమ్మా?” అన్నాడు. సరిగ్గా ఆ వేళకి అక్కడ నీకు మత్తు ఇస్తూ ఉంటారు. నా నోటికి బొప్పాయి రాలేదు. అంత పెద్ద కోరిక కోరుతూ, నాకు అక్కర్లేనిదాన్ని ఇవ్వడానికి సిగ్గేసింది. ఖర్బూజా అన్నాను. మా హైమ దక్కాలి, దాని చెయ్యి మళ్ళీ సూది పట్టాలి అన్నాను. నీళ్ళు వదిలేశాను.

నీకు చెబితే ఇచ్చినదానికి రసీదు అడిగినట్టు ఉంటుందని చెప్పలేదు. నువ్వేమో తిరిగి తిరిగి ఖర్బూజాలే వేశావు! జనవరిలో నీ ఉత్తరం చదివి, విశ్వనాథుడు నాతో వేళాకోళం ఆడుతున్నాడనుకున్నాను. ఆ పండు కోసినప్పుడు నోట్లో నీళ్ళూరాయి, అబద్ధమెందుకు. గుటకేసి పిల్లల్ని కేకేశాను.

నువ్వు పరీక్ష దిద్దమన్నావు. పండు రుచి నాకు తెలియదు. ఉట్టి మాత్రం వెలుతురు దగ్గర పెట్టుకుని కన్ను కన్నూ చూశాను. అన్నీ ఒక్క కొలతలో ఉన్నాయి. అంచున పువ్వు వేశావు. నేను అడిగింది పండు కాదు హైమా, అదే అడిగాను. అది నాకు అందింది. దేవుడి గదిలో పెట్టుకున్నాను.

ఇక ఆ చెంబు మూత తియ్యి.

మీ వదిన
ఉషారాణి


నరసాపురం,
మే 12.

వదినగారికి,

మూత తీశాను. ఆ నీళ్ళు కళ్ళకద్దుకుని తీగల మొదట్లో పోశాను. మీ ఉత్తరం మీ తమ్ముడికి ఇచ్చాను. చదివి డాబా మీదకి వెళ్ళిపోయారు. కాసేపటికి దిగొచ్చి, తెలిసిన పురోహితుడికి ఫోన్ చేశారు, వదిలిన పండు మళ్ళీ తినడానికి ఏదైనా ప్రాయశ్చిత్తం ఉందా అని. ఉందట. నేను ఫోను లాక్కుని పెట్టేశాను. మీరు ఇచ్చింది వెనక్కి తీసుకుంటే నా చెయ్యి ఏమనుకుంటుంది?

ఆ రోజు మీరు రాలేదని ఇన్నాళ్ళూ కుమిలాను. నాకంటే ముందే మీరు వెళ్ళి నాకోసం చెయ్యి చాపి నిలబడ్డారని తెలియదు. ఇంక ఆ మాట ఎత్తను, మీరూ ఎత్తకండి, ఇద్దరం ఏడుస్తాం, మీ తమ్ముడు కంగారు పడతారు.

పందిట్లో చివరి కాయ ఒకటి ఉంది. నేను అల్లిన ఉట్లన్నిట్లోకీ మంచిదాంట్లో ఉంది. ఇంకో వారానికి తొడిమ ఊడుతుంది. ఫణిశ్రీకి సెలవు పెట్టించి, మిషను చెవిలో పెట్టుకుని, రైలెక్కి రండి. పందిట్లోనే పీట వేస్తాను. పండు మీరే కొయ్యాలి, ముక్కలు మీరే తియ్యాలి. మీకు మాత్రం ఒక్క ముక్క పెట్టను. మీ ఎదురుగా కూర్చుని, మీ వాటా, నా వాటా, మొత్తం నేనే తింటాను.

తమ్ముడు అడిగితే, కుళ్ళింది తినకు అని మీరే చెప్పండి.

మీ
హైమ